పూతకు ముందు ఉప్పు

1. కొల్లేరు, నారుమడి రేవు

ఈ ఉదయం మా పడవను నీటిలోకి దించారు. దించారు అనడం కంటే తల్లితీగ నుంచి కోశారు అనడం సరైనది. కోసిన చోట పాలు కారాయి. నారుమడి పెద్ద సుభద్రగారు ఆ గాటుకు పసుపు మెత్తి, అరచేత్తో రెండుసార్లు తట్టి, కొత్తగా పడవ అందుకున్న ప్రతి జంటకూ చెప్పే మాట మాకూ చెప్పారు. పూతకు ముందు ఉప్పు తగలాలి. పులికాట్ సరస్సు ఉప్పునీటిలో వారం నానితే పడవ తొక్క గట్టిపడి నలభై ఏళ్ళు నిలుస్తుంది. ఆ లోపే పూసిందంటే పండినట్టు మెత్తబడి, పక్షం తిరగకుండా కుళ్ళి నీళ్ళలో కలిసిపోతుంది. అలా పోగొట్టుకున్నవారికి మరో పడవ వెంటనే రాదు. వారి పేరు మళ్ళీ వరుసలో చివరికి వెళుతుంది.

ఆ వరుసలో మేము పదకొండేళ్ళు నిలిచాం. అన్నాళ్ళూ ఉమ్మడి తెప్ప మీద, దుప్పటి అడ్డంగా కట్టుకొని, నా బావమరిది కుటుంబంతో కలిసి బతికాం. తెప్పకు పొయ్యి ఒక్కటే. వదిన వంట ముగించాక, ఆ నిప్పు ఆరకముందే నా భార్య నాంచారి తన కుండ ఎక్కించుకొనేది. అందుకే ఈ రోజు పడవలో అడుగుపెట్టిన వెంటనే ఆమె దేవుణ్ణి తలుచుకోలేదు, సామాను సర్దలేదు. పొయ్యి ఎక్కడ పెట్టాలో చూసుకుంది.

చిక్కుడుగింజకు రెండు బద్దలు ఉన్నట్టే ఈ పడవకూ రెండు బద్దలు, మధ్యలో పొడవునా వెన్ను. ఎడమ బద్దలో వంటిల్లు. కుడి బద్దలో నా బల్ల, పుస్తకాలు, పడక. ఈ విభజన చర్చల ద్వారా జరిగిందని నమోదు చేయాలని నా కోరిక. నిజానికి నేను తలుపు దగ్గర ఉండగానే నాంచారి ఎడమ వైపు పొయ్యి పెట్టేసింది.

మార్గం: ఏలూరు కాలువ, బెజవాడ దగ్గర కృష్ణ, కొమ్మమూరు కాలువ, పెదగంజాం, బకింగ్‌హాం కాలువ, పులికాట్. దారి పొడవునా మంచినీరే. సముద్రం కాలువల్లోకి రాకుండా కట్ట కట్టినప్పటి నుంచి పడవ నానేంత ఉప్పునీరు పులికాట్‌లోనే దొరుకుతుంది.

2. ఏలూరు కాలువ

రోజువారీ పనులు ఈ విధంగా కుదిరాయి.

ఉదయం: వెన్ను మీద మొలిచిన పిలకలు గిల్లడం, అడుగున పట్టిన నత్తలు తీయడం, మోటారుకు ఎండనిచ్చే పలకలు తుడవడం.

మధ్యాహ్నం: వేళ్ళు కత్తిరించడం. మా పడవ ఒక పూట ఎక్కడైనా నిలిస్తే చాలు, ఒడ్డు మట్టిలోకి వేళ్ళు దించి అక్కడే కాపురం పెట్టాలని చూస్తుంది.

రాత్రి భోజనం తర్వాత: లాంతరు పట్టుకొని కుడి బద్ద మీద ఏడు గుర్తుల వద్ద మందం, రంగు, తేమ పరీక్షించడం.

ఎడమ బద్ద మీద పరీక్షలకు నాకు అనుమతి లేదు. అక్కడ నాంచారి బట్టలు ఆరేస్తుంది, గిన్నెలు బోర్లిస్తుంది, నేను వెళితే ఏదో ఒకటి తన్నుతానని ఆమె అభిప్రాయం. రెండు పర్యాయాలు మాత్రమే తన్నాను.

పడవకు కుడితి పోయడం నాంచారి పని. తవుడు, బియ్యం కడుగునీళ్ళు కలిపి వెన్ను మీది గుంటలో పోస్తుంది. పోస్తున్నంతసేపూ పడవతో మాట్లాడుతుంది. నా గురించి కూడా చెబుతోందని తెలుసు. ఒకరోజు కుడితిలో బెల్లంగడ్డ వేయడం చూశాను. అది కొలతలో లేదని గుర్తుచేశాను. బిడ్డ నోరు తీపి చేయడానికి కొలతేమిటని ఆమె అడిగింది.

రాత్రి నేను నాలుగో గుర్తు దగ్గర లాంతరు పట్టుకొని వంగి ఉండగా వెనుక నుంచి అంది: “నన్నెప్పుడన్నా ఇంత దగ్గరగా చూశావా మావా?”

నువ్వు ఈ పడవలాగా వారానికి అంగుళం చొప్పున పెరగడం లేదు కదా అని జవాబిచ్చాను. ఆ జవాబు తెలివైనది కాదని మరునాడు అన్నం ఆలస్యమైనప్పుడు తెలిసింది.

3. ఏలూరు కాలువ, ఇంకా

మూడో గుర్తు వద్ద ఒక మొగ్గ.

శనగగింజంత ఉంది. ఆకుపచ్చ. గిల్లాను. తెల్లవారేసరికి దాని పక్కన రెండు వచ్చాయి. నాకు తెలిసినంతవరకు ఈ జాతి పడవ ఈ వయసులో మొగ్గ తొడగకూడదు. నేను ఏ కళాశాలలోనూ చదవలేదు. తెప్ప మీదికి కొట్టుకొచ్చిన పుస్తకాలు ఆరబెట్టుకొని మొక్కల శాస్త్రం నేర్చుకున్నాను. అయితే నేర్చుకున్నది గట్టిగానే నేర్చుకున్నాను. తీపి ఎక్కువైతే మొక్క తొందరగా పూతకు వస్తుందని తేల్చి, బెల్లం ఆపమని కోరాను.

నాంచారి వాదించకుండా ఆపింది. వాదించకపోవడం చూసి, ఆమెకూ భయం వేసిందని గ్రహించాను. మొగ్గలు పెరిగాయి. కుడితి సగం చేశాం. మొగ్గలు ఇంకా పెరిగాయి. జాగ్రత్త కోసం రాత్రి పరీక్షను ఒకటి నుంచి రెండు చేశాను. భోజనం తర్వాత ఒకసారి, నడిరాత్రి లేచి మరొకసారి.

4. బెజవాడ

కృష్ణ దాటడానికి ఉదయమంతా పట్టింది. పాత వంతెన స్తంభాలకు కట్టిన పడవల మధ్య నుంచి వెళుతుంటే అందరి కళ్ళూ మా కుడి వైపు మొగ్గల మీదే. ఒక ముసలాయన తన పడవను మా పడవకు తగలకుండా గెడతో నెట్టుకున్నాడు, అంటువ్యాధి ఏదో ఉన్నట్టు.

సీతానగరం వైపు లాకు దగ్గర లస్కరు మమ్మల్ని ఆపాడు. లాకు తలుపులు తెరవడం మూయడం అతని పని. ఆపి పలకరించడం అతని సరదా. మొగ్గలు చూసి, పెళ్ళి పడవా అని అడిగాడు. నేను పడవ పరిస్థితిని ఐదు అంశాలుగా వివరించాను. అంతా విని అతను నాంచారి వైపు తిరిగాడు.

“ఈయన ఎప్పుడూ ఇంతేనామ్మా?”

“ఇయ్యాళ తక్కువే అన్నయ్యా. మీ టైం బాగుంది.”

తలుపులు తెరుచుకున్నాయి. కొమ్మమూరు కాలువలోకి వచ్చాక ఆమె నవ్వు ఆగిపోయింది. చాలాసేపు పొయ్యి గట్టు మీద చెయ్యి ఆనించి కూర్చుంది. మళ్ళీ తెప్ప మీదికి పోతే వదిన ఏమంటుందో తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. ఏమీ అనదు, పక్కకు జరుగుతుంది, అదే భరించలేనిదని చెప్పింది.

5. కొమ్మమూరు కాలువ

ఈ నమోదు రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా క్రమం తప్పకూడదు.

నాంచారి ఈ ఉదయం పడవ చుట్టూ ఈదుతూ వచ్చి, తడి చీరతోనే నా బల్ల దగ్గరకు వచ్చింది. మొగ్గలన్నీ కుడి బద్ద మీదే ఉన్నాయని, ఎడమ బద్ద మీద ఒక్కటీ లేదని చెప్పింది. అది నేనూ గమనించాను, ఎండ తగిలే దిశ అని రాసుకున్నాను. అందుకామె కుడి బద్ద మీదైనా అన్నిచోట్లా లేవంది. ఏడు గుత్తులుగా ఉన్నాయి. ఎక్కడెక్కడో తనే చూపించనక్కర్లేదంది.

నా ఏడు గుర్తులు.

నా చెయ్యి తగలడం వల్ల కావచ్చునన్నాను. చెయ్యి కాదు, లాంతరు అని నాంచారి అంది. నారుమడిలో సుభద్రగారి మనుషులు పొద్దు వాలితే చుట్ట కూడా ఆర్పేవారని, పడవలకు నిద్ర కావాలనేవారని గుర్తుచేసింది. ఆ మాట ఆ రోజు నేనూ విన్నాను. ఆదరంతో అనే మాట అనుకున్నాను.

కొన్ని మొక్కలు రాత్రి ఎంత పొడుగో లెక్కపెట్టుకొని పూతకాలం తెలుసుకుంటాయి. చీకటి మధ్యలో కాస్త వెలుతురు పడితే చాలు, రాత్రులు పొట్టివైపోయాయని, పూసే కాలం వచ్చిందని మోసపోతాయి. ఇది నాకు తెలియని విషయం కాదు. ఆ పుట నాకు కంఠస్థం. దాని కింద గీత కూడా గీసుకున్నాను. రాత్రివేళ దీపం పట్టుకొని రెండుసార్లు పడవను కొలిచే మనిషి ఒకడు ఉంటాడని నారుమడి వారు ఊహించి ఉండరు. ఊహించి ఉంటే హెచ్చరించేవారు.

నాంచారి కోప్పడుతుందని ఎదురుచూశాను. ఆమె నా పక్కన కూర్చొని కొంగు పిండుకుంది.

“బెల్లానికి మాత్రం క్షమాపణ చెప్పు మావా.”

చెప్పాను. పడవకు కూడా చెప్పమంది. చెప్పాను.

6. చినగంజాం, ఉప్పుమళ్ళు

లాంతరు ఆర్పి నాలుగు రాత్రులైంది. కొత్త మొగ్గలు రాలేదు. ఉన్నవి మాత్రం ఆగలేదు. కొనల దగ్గర ఊదారంగు కనిపిస్తోంది. ఐదు రోజుల్లో విచ్చుకుంటాయి. పులికాట్ ఇంకా పన్నెండు రోజుల దూరం.

పడవను ఉప్పు దగ్గరకు తీసుకుపోలేకపోతే ఉప్పునే పడవ దగ్గరకు తెద్దామని నాంచారి అంది. నారుమడి సూచనల్లో అలాంటిది లేదు. సరస్సులో సమంగా నానడం వేరు, రాళ్ళ ఉప్పు రుద్దడం వేరు, తొక్క కాలిపోవచ్చు. ఇవన్నీ నేను చెబుతుండగానే ఆమె ఒడ్డు దిగింది.

ఉప్పుమళ్ళ యజమానురాలు రవణమ్మ. యాభై దాటిన మనిషి, మోకాళ్ళదాకా తెల్లగా ఉప్పు పట్టి ఉంది. మొన్నటి వానకు కుప్పలన్నీ కరిగిపోయి ఒక్కటే మిగిలిందట. అది ఇవ్వడానికి ఆమెకు ఇష్టం లేదు. నాంచారి మా పడవలోకి వచ్చి, నన్ను అడగకుండా, నా లాంతరు తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టింది.

“ఇది నాకెందుకు లేమ్మా” అంది రవణమ్మ.

“నీకెందుకో నాకు తెలవదక్కా. మా పడవలో మాత్రం ఉండకూడదు.”

రవణమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. కథ మొత్తం ఆమెకు అప్పటికే తెలిసిపోయిందని ఆ చూపుతో అర్థమైంది. ఉప్పు ఇచ్చింది.

కుప్ప చూసి లెక్కవేశాను. ఒక బద్దకు సరిపోతుంది. రెండింటికీ సర్దితే దేనికీ చాలదు.

కుడి బద్దకు వేయాలని నేను అన్నాను. ప్రమాదం అక్కడ ఉంది, వైద్యం అక్కడే జరగాలి. అదీగాక నా పుస్తకాలు, ఆ పదకొండేళ్ళలో ఆరబెట్టి కుట్టుకున్నవన్నీ అక్కడే ఉన్నాయి. ఈ రెండో కారణం పైకి చెప్పలేదు. నాంచారికి చెప్పనవసరం లేదు కూడా.

ఆమె కుప్పలోంచి ఒక ఉప్పురాయి తీసి వేళ్ళతో నలిపింది. తర్వాత అడిగింది: “పూతకొచ్చినదాన్ని ఉప్పు ఆపుద్దా మావా? నీకు తెలుసుగా. నువ్వే చెప్పు.”

ఆపదు. రంగు పట్టిన మొగ్గ వెనక్కి పోదు. నాకు తెలుసు. ఆ మాట ఆమె అనవచ్చు. అనకుండా నా నోటితోనే అనిపించుకుంటోంది. నేను కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాను. రెండోసారి తిరిగాను. మూడోసారి తిరగబోతుంటే రవణమ్మ ఉప్పు తొక్కకండయ్యా అంది.

ఎడమ బద్దకే వేద్దామని చెప్పాను.

7. అక్కడే

రుద్దుతున్నాం. రాళ్ళ ఉప్పు దంచి, తడిపి, గోనెగుడ్డలో మూటకట్టి, చిన్న చిన్న గుండ్రాలుగా తిప్పుతూ. నాంచారి పైభాగం, నేను నీటిలో దిగి అడుగుభాగం. నా అరచేతులు పగిలాయి. ఆమె అరచేతులు నాకంటే ముందే పగిలాయి, చెప్పలేదు. తొక్క మొదటిరోజు ఎర్రబడింది, కాలిపోయిందనుకున్నాను. మూడోరోజు గోధుమరంగుకు తిరిగి, వేలితో నొక్కితే లొంగడం మానేసింది.

పుస్తకాలను ఎడమ బద్దలోకి మార్చడానికి నాంచారి వంటింట్లో ఒక్క మూల ఇచ్చింది. ఏడు పుస్తకాలు పట్టాయి. మిగతావి రవణమ్మ తన గిడ్డంగిలో ఉంచుతానంది. మొక్కల శాస్త్రం తీసుకెళ్ళమని నాంచారి గట్టిగా చెప్పింది. ఆ పుట రోజూ ఒకసారి చదవాలట.

8. అక్కడే

తెల్లవారేసరికి పూసింది.

నేను పూసిన పడవను ఎన్నడూ చూడలేదు. చూసినవారు కూడా తక్కువే. పూత రాకుండా అందరూ చూసుకొనేదే కదా. కుడి బద్ద పొడవునా అరచెయ్యంత పూలు, ఊదారంగు, మధ్యలో పసుపు మచ్చ. నా బల్ల కిటికీలోంచి ఒక గుత్తి లోపలికి వంగి ఉంది. తేనెటీగలు వచ్చాయి. ఉప్పుమళ్ళ ఆడవాళ్ళు పని ఆపి గట్టు మీద వరుసగా నిలబడ్డారు. కాలువ మీద పోయే పడవలు వేగం తగ్గించాయి. నిన్నటిదాకా మమ్మల్ని చూసి గెడతో దూరం జరిగిన రకం మనుషులే ఈ రోజు దగ్గరకొచ్చి, చెయ్యి చాపి, ఒక పువ్వు ఇస్తారా అని అడిగారు.

నాంచారి ఒకటి తుంచి తలలో పెట్టుకుంది. బాగుందా అని అడగలేదు. అడగకముందే బాగుందని చెప్పాను. ఎంత దగ్గరగా చూసి చెబుతున్నావని అడిగింది. కొలవలేదని చెప్పాను.

9. అక్కడే, తర్వాత

పూలు వాలాయి. కుడి బద్ద అడుగు మెత్తబడుతోంది. కాలు పెడితే దిగుతోంది. ఆలస్యమైతే కుళ్ళు వెన్ను దాటి ఇటు వస్తుంది. వెన్ను గోడను ఎడమ వైపే ఉంచి దాని వెంట కోసేశాం. నాంచారి ముందు నుంచి, నేను వెనుక నుంచి రంపం లాగాం. విడిపోయే చివరి క్షణంలో పడవ ఒక శబ్దం చేసింది. దాన్ని ఇక్కడ వర్ణించను.

ఒంటి బద్ద నిటారుగా తేలదు. మొదటిసారే పక్కకు ఒరిగి, పొయ్యిలో బూడిదంతా నా ఒంటి మీద పోసింది. అప్పుడు నాకు తెలిసిన పని దొరికింది. కోసిన వైపు నాలుగు మూరల దూరం చాచి ఉండేలా రెండు వెదుర్లు అడ్డంగా కట్టి, వాటి చివర మూతలు బిగించిన ఖాళీ కడవలు వరుసగా బిగించాను. ఏ కడవ ఎక్కడ ఉండాలో బరువు చూసి నిర్ణయించడానికి రోజంతా పట్టింది. నాంచారిని అటూ ఇటూ కూర్చోమని, లేవమని, మళ్ళీ కూర్చోమని అడిగాను. పద్దెనిమిదోసారి ఆమె లేవలేదు. అదృష్టవశాత్తూ అక్కడే సరిగా తూగింది.

కుడి బద్దను రవణమ్మ తన మంచినీటి గుంటలోకి లాగించుకుంది. విత్తనం పడితే నారుమడికి పంపుతానంది.

10. పులికాట్

పన్నెండు రోజులు బకింగ్‌హాం కాలువ మీద ఒంటి బద్దతో వచ్చాం. దారిలో మమ్మల్ని చూసి నవ్వనివారు లేరు. కొంతదూరం వచ్చాక మేమూ వారితో కలిసి నవ్వాం.

సరస్సు దగ్గర పడవలను పరీక్షించే అధికారి కస్తూరిగారు. సన్నగా ఉండే ఆవిడ, తల ఎప్పుడూ ఒక పక్కకు వంచి వింటారు. మా పడవ చుట్టూ తెడ్డు వేసుకుంటూ తిరిగి, కడవలు చూసి, వెదుర్ల ముడులు చూసి, కోత చూసి, చివరికి నన్ను చూశారు.

“ఇదేందబ్బా, మిగతా సగం యాడ?”

నేను చెప్పడం మొదలుపెట్టాను. నాంచారి పూర్తిచేసింది, ఆమె చెప్పింది నాలుగు ముక్కల్లో అయిపోయింది, లాంతరు ప్రస్తావన మాత్రం రెండుసార్లు వచ్చింది.

కస్తూరిగారు వేలి కణుపుతో పడవను ముక్కు దగ్గర కొట్టారు. పొయ్యి దగ్గర కొట్టారు. నీటి గీత కింద చెయ్యి పెట్టి కొట్టారు. నాంచారి నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేంత గట్టిగా. కాలిన కుండను కొడితే వచ్చే మోత అది, ఎక్కడా తేడా లేకుండా.

“గట్టి పడిపోయిండాది. ఉప్పులో నానబెట్టే పని కూడా లేదు పో” అన్నారు.

తర్వాత అసలు విషయం చెప్పారు. పడవంటే రెండు బద్దలు, ఇద్దరు మనుషులు. ఒక బద్దకు ఒక పేరే రాయగలరు. ఇది తమ చేతిలో లేదని, నియమమని, నియమాలంటే నాకు తెలిసే ఉంటుందని నావైపు చూసి అన్నారు. తెలుసునని ఒప్పుకున్నాను. ఆ పదకొండేళ్ళూ వరుసలో ఉన్న పేరు నాది. ఎవరి పేరు అని కస్తూరిగారు అడిగినప్పుడు నాంచారి సరస్సు వైపు తిరిగి నిలబడింది. పొయ్యి వెలుగుతోంది. మధ్యాహ్నం నుంచి దాన్ని ఆరనివ్వలేదు.

నాంచారి పేరు రాయమన్నాను. ఇంటిపేరు అక్షరాలు సరిగా పడేలా చూడమని కూడా అన్నాను.

ఆమె వెనక్కి తిరగలేదు. కొంగుతో ముఖం తుడుచుకొని, పొగ అంది. గాలి అటువైపు లేదు. ఈ విషయం నమోదు చేస్తున్నాను గానీ ఆమెతో చర్చించలేదు.

నా సంగతి ఏమిటని కస్తూరిగారిని అడిగాను. పులికాట్ ఉమ్మడి తెప్ప మీద చోటుంది, లేదా ఈ పడవలోనే చుట్టంగా ఉండవచ్చు. చుట్టానికి రాత్రి బస కావాలంటే రోజూ పొద్దు వాలకముందే యజమానురాలిని అడిగి అనుమతి తీసుకోవాలి. అది కూడా నియమమే. ఎవరూ పాటించరు లెండి అని ఆమె నవ్వుతూ వెళ్ళిపోయారు.

11. పులికాట్, నాంచారి గారి పడవ

నేను పాటిస్తాను.

పొద్దు వాలకముందే ముఖం కడుక్కొని, వంటింటి ముందు నిలబడి, ఈ రాత్రికి నన్ను పడవలో ఉండనిస్తారా అని అడిగాను. నాంచారి పొయ్యి ఊదుతూ తల ఎత్తలేదు.

“ముందా గిన్నెలు తోము మావా. తర్వాత ఆలోచిద్దాం.”

ఇంకా ఒక కుండ, రెండు పళ్ళేలు ఉన్నాయి. జవాబు రాలేదు.